వంట బాగుంది, వడ్డన బాగాలేదు: ఆ రాత్రి మీ టేబుల్ దగ్గర ఏం జరిగి ఉంటుందంటే

ముందు మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెప్పి సమాధానంలోకి వస్తాను. అమ్మానాన్నల 40వ పెళ్లిరోజని ఆరుగురూ కలిసి హైదరాబాద్‌లో బాగా పేరున్న, ఖరీదైన ఇండియన్ రెస్టారెంట్‌కి వెళ్లారు. వంటకి వంక పెట్టడానికి లేదని మీరే రాశారు. గలౌటీ కబాబ్ నోట్లో కరిగిపోయిందట, దాల్ మఖనీ గురించి నాన్నగారు ఇంటికొచ్చాక కూడా మాట్లాడారట. కానీ స్టార్టర్లు సగంలో ఉండగానే బిర్యానీ తెచ్చిపెట్టారు. నాన్ వచ్చిన చాలాసేపటికి గానీ కూర రాలేదు. నాన్నగారు వేడినీళ్లు మూడుసార్లు అడిగారు. అమ్మగారు ఇంకా తింటుండగానే చుట్టూ ఉన్న ప్లేట్లు తీసేశారు. అడక్కుండానే బిల్లు వచ్చింది, అందులో 10 శాతం సర్వీస్ ఛార్జ్. మేమే ఎక్కువ ఆశించామా, ఆ ఛార్జ్ కట్టాల్సిందేనా, మళ్లీ అక్కడికి వెళ్లొచ్చా అని అడిగారు.

నేను ఈ రంగంలో 22 ఏళ్లుగా ఉన్నాను. స్టీవార్డ్‌గా, అంటే టేబుల్ దగ్గర వడ్డించేవాడిగా మొదలుపెట్టి, వాళ్ల మీద ఉండి ఆర్డర్లు తీసుకునే కెప్టెన్‌గా, తర్వాత రెస్టారెంట్ మేనేజర్‌గా చేశాను. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకి ట్రైనింగ్ ఇస్తున్నాను. మీరు రాసిన తప్పుల్లో నాకు తెలియనిది ఒక్కటీ లేదు. కొన్ని నేను చేసినవే, మిగతావి నా కళ్లముందు జరిగినవి.

మీరు ఎక్కువ ఆశించలేదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా రంగంలోనే చాలామంది "తిండి బాగుంది కదా, ఇంకేం కావాలి" అంటారు. దానికి ఒక పెద్ద ఆధారం కూడా చూపిస్తారు. మంచి రెస్టారెంట్లని ఎంచి స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ వాళ్లు అందుకు చూసేవి పదార్థాల నాణ్యత, వండే నైపుణ్యం, రుచుల పొందిక, షెఫ్ సొంత ముద్ర, ఎప్పుడు వెళ్లినా ఒకేలా ఉండటం. అందులో సర్వీస్ లెక్కలోకి రాదు. 2001లో లండన్‌లోని ఇండియన్ రెస్టారెంట్లు జైకా, టామరిండ్ స్టార్లు అందుకున్నప్పుడూ, 2025లో దుబాయ్‌లోని ఇండియన్ రెస్టారెంట్ ట్రెసిండ్ స్టూడియోకి మూడు స్టార్లు వచ్చినప్పుడూ కొలిచింది ప్లేటులో ఉన్నదాన్నే. ఆ గైడ్ మన దేశంలో లేదు గానీ ఆ ఆలోచన మాత్రం మన ఓనర్లలో బాగా నాటుకుపోయింది. షెఫ్‌కి ఎంత జీతమైనా ఇస్తారు. ఫ్లోర్ మీద, అంటే గెస్టులు కూర్చునే హాలులో, ఒక మనిషిని అదనంగా పెట్టమంటే మాత్రం పది రోజులు ఆలోచిస్తారు.

మన భోజనానికి ఆ కొలత సరిపోదని నా అభిప్రాయం. ఒక్కొక్కరికి ఒక్కో ప్లేటు అలంకరించి తెచ్చే పద్ధతిలో వంట వంటగదిలోనే పూర్తవుతుంది, తెచ్చి ముందు పెడితే చాలు. మన దగ్గర అలా కాదు. నాలుగు గిన్నెలు టేబుల్ మధ్యలోకి వస్తాయి, అందరూ పంచుకుంటారు, రొట్టెలు ఒకదాని తర్వాత ఒకటి వేడిగా వస్తూనే ఉండాలి. పెళ్లి బంతిలో ముద్దపప్పు వేసి నెయ్యి ఆలస్యమైతే ఆ పప్పు రుచే మారిపోతుంది కదా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని ఊరికే అనలేదు. మన వంటలో చివరి పని వడ్డనే.

ఇక మీ టేబుల్ దగ్గరికి వద్దాం. మీకు బాగా నచ్చినవి ఏవి? దాల్ మఖనీ, గలౌటీ, బిర్యానీ. ఆ దాల్ ముందురోజు రాత్రంతా సన్నని సెగ మీద ఉడికి ఉంటుంది. గలౌటీకి కావాల్సిన ఖీమా మెత్తగా నూరి, మసాలా పట్టించి పొద్దున్నే సిద్ధం చేసి పెడతారు. బిర్యానీ మాంసం గంటల తరబడి నాని, మీరు రాకముందే దమ్ మీదకి ఎక్కి ఉంటుంది. అంటే షెఫ్ పనిలో ముప్పాతిక భాగం మీరు ఇంట్లో బయల్దేరకముందే అయిపోయింది. ఆయనకి రుచి చూసి సరిచేసుకోవడానికి టైం దొరికింది, ఉప్పు తక్కువైతే వేసుకునే వీలుంది. ఫ్లోర్ వాళ్లకి ఆ వీలు లేదు. వాళ్ల పనంతా రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు, మీ ఎదుటే జరగాలి. ముందురోజు చేసిపెట్టుకోవడం కుదరదు. ఒకే చోట వంట అంత బాగుండి సర్వీస్ ఇంత బాగాలేకపోవడానికి నాకు తెలిసినంతలో మొదటి కారణం ఇదే.

నాన్ ముందు, కూర తర్వాత ఎందుకొచ్చిందో చెబుతాను. మీ ఆర్డర్ కెప్టెన్ మెషీన్‌లో కొట్టగానే వంటగదిలో కేఓటీ వస్తుంది, అంటే కిచెన్ ఆర్డర్ టోకెన్. పెద్ద వంటగదుల్లో అది ఒక్కచోట రాదు, తందూర్ దగ్గర ఒకటి, కర్రీ సెక్షన్‌లో ఒకటి, బిర్యానీ దగ్గర ఒకటి వస్తుంది. తందూర్ మీద ఉన్న మనిషి నాన్ అని చూడగానే పిండి ముద్ద ఒత్తి గోడకి అంటిస్తాడు. ఆ వేడికి నిమిషం, నిమిషంన్నరలో నాన్ పొంగి బయటికొస్తుంది. కర్రీ సెక్షన్‌లో అదే సమయానికి మీ ముందు ఆరు టోకెన్లు ఉంటాయి. మీ కూర పొయ్యి మీదకి ఎక్కడానికే ఏడెనిమిది నిమిషాలు. బిర్యానీ ఎటూ తయారుగా ఉంది కాబట్టి హండీలోంచి తీసి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లితే మూడు నిమిషాల పని. అందుకే కూర కంటే ముందే అది బయల్దేరింది. ఎవరి పని వాళ్లు చురుగ్గా చేశారు, మీ టేబుల్ మాత్రం తలకిందులైంది.

దీన్ని సరిచేయడానికి ఒక మనిషి ఉండాలి. వంటగదికీ హాలుకీ మధ్య ప్లేట్లు బయటికి వచ్చే కౌంటర్‌ని మేం పాస్ అంటాం. అక్కడ నిలబడి "ఈ టేబుల్ స్టార్టర్లు ఇంకా అవ్వలేదు, బిర్యానీ ఆపు", "కూర రెండు నిమిషాల్లో వస్తుంది, ఇప్పుడు నాన్ వెయ్యి" అని అరిచే మనిషి. శనివారం రాత్రి ఆ ఒక్కరూ లేకపోతే రెస్టారెంట్ మొత్తం గాడి తప్పుతుంది. నేను మేనేజర్‌గా ఉన్నప్పుడు ఎవరు సెలవు పెట్టినా సర్దుకున్నాను గానీ, పాస్ దగ్గర మనిషి రాకపోతే నేనే కోటు తీసి అక్కడ నిలబడేవాణ్ని. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు చాలా చోట్ల మొదట తీసేసేది ఆ పోస్టునే. ఎందుకంటే ఆ మనిషి వండడు, వడ్డించడు, గెస్టుకి కనిపించడు. పైగా ఇప్పుడు ఆన్‌లైన్ పార్సిళ్లు కూడా అదే వంటగదిలోంచి వెళ్తున్నాయి. డెలివరీ కుర్రాళ్లు బయట నిలబడి ఉంటారు, వాళ్ల ఆర్డర్‌కి టైమర్ తిరుగుతుంటుంది. టైమర్ లేనిది మీ టేబుల్‌కే.

నాన్ విషయంలో ఇంకో మాట. తందూర్ నుంచి తీసిన నాన్ నాలుగైదు నిమిషాలు దాటితే తోలులా సాగుతుంది. కూర వచ్చేసరికి మీ బుట్టలో ఉన్నవి అలాగే అయి ఉంటాయి. అప్పుడు స్టీవార్డ్ వచ్చి, అడగకుండానే ఆ బుట్ట తీసేసి వేడివి తేవాలి. పిండి ఖర్చు ఎంతని? అది చేసి ఉంటే మీరు ఈ ప్రశ్నే రాసేవాళ్లు కాదేమో.

వేడినీళ్ల సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. మీరు రాసిన ఒక వాక్యం చదివి ఆగిపోయాను. నాన్నగారు తెలుగులో అడిగితే ఆ అబ్బాయి మీ వైపు చూశాడని, మీరు ఇంగ్లిష్‌లో చెప్తే తల ఊపి వెళ్లాడని రాశారు. హైదరాబాద్‌లో ఇలాంటి చోట్ల పనిచేసే పిల్లల్లో చాలామంది ఈశాన్య రాష్ట్రాల నుంచి, బెంగాల్, ఒడిశా, ఉత్తరాఖండ్ నుంచి వచ్చినవాళ్లు. కష్టపడి పనిచేస్తారు, మర్యాద తెలిసినవాళ్లు. వాళ్లని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. తెలుగు రాకపోవడం ఆ అబ్బాయి తప్పు కాదు. వారం రోజుల్లో ఇరవై మాటలు నేర్పించని మేనేజర్‌ది తప్పు. నీళ్లు, వేడిగా, చల్లగా, కారం తక్కువ, పెరుగు, ఇంకొంచెం, చాలు, చెయ్యి కడుక్కోవాలి. ట్రైనింగ్‌లో నేను మొదటిరోజే ఈ మాటలు నేర్పిస్తాను. దాంతోపాటు ఇంకోటి కూడా చెబుతాను: బిల్లు కట్టేది ఎవరో చూసి వాళ్లతోనే మాట్లాడకండి, టేబుల్‌లో అందరికంటే పెద్దవాళ్ల కళ్లలోకి చూసి నమస్కారం పెట్టి, వాళ్లనే ముందు అడగండి. పెళ్లిరోజు వాళ్లది. ఆర్డర్ తీసుకున్న మనిషి వాళ్లిద్దరినీ ఒక్కసారి కూడా పలకరించకపోవడం నా దృష్టిలో చల్లారిన నాన్ కంటే పెద్ద లోపం.

మూడుసార్లు అడిగినా రాకపోవడానికి మామూలుగా కారణం మతిమరుపే. ఒక స్టీవార్డ్ నాలుగు టేబుళ్లు బాగా చూసుకోగలడు. ఏడు, ఎనిమిది అప్పజెబితే దారిలోనే మరో ముగ్గురు ఆపి ఇంకేదో అడుగుతారు. వంటగది తలుపు దగ్గరికి చేరేలోపు వేడినీళ్లు బుర్రలోంచి జారిపోతాయి. బార్ ఐటెంలా మెషీన్‌లో ఎక్కేది కాదు కాబట్టి దానికి కాగితం కూడా ఉండదు. బిల్లులో కనిపించని ప్రతి పనీ ఇలాగే మరుగున పడుతుంది.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక పెద్ద హోటల్‌లో జరిగింది చెబుతాను. మధ్యాహ్నం భోజనం టైం. నాకు అప్పజెప్పిన టేబుళ్లలో ఒకదాని దగ్గర ఒక పెద్దాయన, ఒక్కరే. పప్పన్నం అయ్యాక పెరుగు అడిగారు. సరేనని చెప్పి, పక్క టేబుల్ వాళ్లు పిలిస్తే అటు వెళ్లాను. తర్వాత సైడ్ స్టేషన్ దగ్గర నాప్‌కిన్లు మడుస్తూ నిలబడ్డాను. మా కెప్టెన్ మెల్లగా వచ్చి నా చెవిలో "ఆయన చెయ్యి చూడు" అన్నారు. చూశాను. ఆయన కుడిచెయ్యి కంచం అంచు మీద ఆనించి ఉంది. వేళ్లకి అంటుకున్న మెతుకులు ఎండి తెల్లగా పెళుసుబారాయి. ఎడమచేత్తో గ్లాసు తిప్పుకుంటూ ఎవరినీ పిలవకుండా కూర్చున్నారు. అన్నం తినే మనిషి చెయ్యి ఎండేదాకా కూర్చోబెట్టకూడదని మా ఇంట్లో అమ్మమ్మ అనేది. ఆ రోజు నేనే ఆ పని చేశాను. పెరుగు తీసుకెళ్లి క్షమించమని అడిగితే ఆయన "ఫరవాలేదు నాయనా" అన్నారు. ఇప్పటికీ కొత్త బ్యాచ్‌కి మెనూ కంటే ముందు ఈ సంగతే చెబుతాను. గెస్టు మొహం చూడటం అందరికీ వచ్చు, చెయ్యి చూడటం నేర్చుకోవాలి.

ప్లేట్లు తీసేయడం గురించి కొంచెం చెప్తే చాలు. అందరూ తినడం ముగించాకే ప్లేట్లు తీయాలన్నది హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో నేర్పే పాఠం, మన బంతి పద్ధతీ అదే. అందరూ లేచేదాకా ఎవరూ లేవరు. అమ్మగారి పక్క ప్లేట్లు తీశారంటే తొందరగా లేవమని చెప్పినట్టే. అడగకుండా బిల్లు తేవడం కూడా అలాంటిదే, తర్వాతి బుకింగ్ వాళ్లు తలుపు దగ్గర ఎదురుచూస్తూ ఉంటారు. అంతగా కావాలంటే బుకింగ్ చేసుకున్నప్పుడే "రెండు గంటలు మాత్రమే" అని చెప్పాలి, చెప్పి ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు సర్వీస్ ఛార్జ్. ఇది కట్టితీరాల్సింది కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీస్ ఛార్జ్‌ని తమంతట తాము బిల్లులో కలపకూడదు, వేరే పేరు పెట్టి వసూలు చేయకూడదు, ఇది మీ ఇష్టమని గెస్టుకి చెప్పాలి, కట్టనన్నారని లోపలికి రానివ్వకపోవడం కుదరదు. రెస్టారెంట్ సంఘాలు కోర్టుకి వెళ్లడంతో కొన్నాళ్లు వీటి మీద స్టే ఉంది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పిచ్చింది, పిటిషన్ వేసిన రెండు సంఘాలకీ చెరో లక్ష రూపాయల ఖర్చులు కూడా విధించింది.

మీరు రాసిన బిల్లు లెక్క చూశాను. తిన్నవాటికి 9,800 రూపాయలు. దానికి 10 శాతం సర్వీస్ ఛార్జ్ 980. ఈ రెండూ కలిపిన 10,780 మీద 5 శాతం జీఎస్‌టీ 539. మొత్తం 11,319. అంటే సర్వీస్ ఛార్జ్ మీద కూడా జీఎస్‌టీ వేశారు. ఇలా కలిపి పన్ను వేయకూడదని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఛార్జ్ తీసేస్తే 9,800 మీద జీఎస్‌టీ 490, మొత్తం 10,290. తేడా 1,029 రూపాయలు. జీఎస్‌టీ మాత్రం కట్టాల్సిందే, అది ప్రభుత్వానికి వెళ్లేది. పెద్దవాళ్లు కొందరు సర్వీస్ ఛార్జ్‌ని పాత సర్వీస్ ట్యాక్స్ అనుకుని కట్టేస్తుంటారు. ఆ ట్యాక్స్ 2017 జులై 1న జీఎస్‌టీ రావడంతోనే పోయింది.

తీయమని అడగడానికి గొడవ పడక్కర్లేదు. "సర్వీస్ ఛార్జ్ తీసి బిల్లు మళ్లీ ఇవ్వండి" అని మేనేజర్‌తో చెబితే సాధారణంగా రెండు నిమిషాల్లో మార్చి తెస్తారు, వాళ్లకీ రూల్ తెలుసు. ఒప్పుకోకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది. మీరు కట్టేశారు కాబట్టి ఇప్పుడు కూడా బిల్లు ఫొటో పెట్టి రెస్టారెంట్‌కి మెయిల్ చేయండి, వెనక్కి ఇవ్వమని అడగండి.

ఒక్క విన్నపం. ఆ ఛార్జ్ మొత్తం మీకు వడ్డించిన అబ్బాయికే వెళ్తుందని అనుకోకండి. కొన్నిచోట్ల అందరికీ పాయింట్ల లెక్కన పంచుతారు, కొన్నిచోట్ల ఓనర్ దగ్గరే కొంత ఆగిపోతుంది. ఛార్జ్ తీయించినా, ఆ రాత్రి మిమ్మల్ని బాగా చూసుకున్న మనిషి ఒక్కరైనా ఉంటే వాళ్ల చేతిలో ఎంతో కొంత పెట్టండి. పిల్లల కోసం అడగకుండానే కారం లేని గ్రేవీ తెచ్చిన రన్నర్, అంటే వంటగది నుంచి ప్లేట్లు మోసుకొచ్చే అబ్బాయి, గురించి మీరే రాశారు కదా.

రివ్యూ రాయాలా అంటే, రాయండి. కానీ ముందు మేనేజర్‌కి చెప్పండి, రెండు రోజులు చూడండి. రాసేటప్పుడు "సర్వీస్ వరస్ట్" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, స్టార్టర్ల మధ్యలో బిర్యానీ వచ్చింది, వేడినీళ్లు మూడుసార్లు అడిగాం అని రాస్తే, మంచి మేనేజర్ అది చదివి పాస్ దగ్గర మనిషి లేని రాత్రి ఏదో వెంటనే పట్టుకుంటాడు. స్టీవార్డ్ పేరు మాత్రం రాయకండి. ఎనిమిది టేబుళ్లు మోసిన కుర్రాడి ఉద్యోగం పోతుంది, తొమ్మిదో టేబుల్ ఇచ్చినవాళ్లు అలాగే ఉంటారు. వంట గురించి మంచి మాట కూడా అంతే వివరంగా రాయండి, అది వాళ్లు సంపాదించుకున్నది.

నిజానికి అన్నిటికంటే పనిచేసేది అక్కడికక్కడే చెప్పడం. మనవాళ్లకి మొహమాటం ఎక్కువ. నవ్వుతూ "బాగుందండీ" అనేసి ఇంటికొచ్చి బాధపడతాం. బిర్యానీ ముందొచ్చినప్పుడే "ఇది వెనక్కి తీసుకెళ్లి పావుగంట తర్వాత తాజాగా తెండి" అని చెప్పే హక్కు మీకుంది. మొదట వచ్చిన అబ్బాయికి కాకుండా కెప్టెన్‌కి చెప్పండి, వంటగదిలో మాట చెల్లేది ఆయనకే.

మళ్లీ వెళ్లొచ్చా అంటే, ఆ దాల్ కోసమైనా వెళ్లండి. మంగళవారమో బుధవారమో చూసుకుని, ఏడున్నరకల్లా కూర్చోండి. తొమ్మిది దాటితే ఎంత మంచి చోటైనా తడబడుతుంది. ఫోన్ చేసినప్పుడే పెద్దవాళ్లున్నారని, ఒకరికి వేడినీళ్లు కావాలని చెప్పి, బుకింగ్‌లో రాయించండి. కాగితం మీదకి ఎక్కింది మరుగున పడదు. ఆర్డర్ ఒకేసారి ఇవ్వకండి. ముందు స్టార్టర్లు మాత్రం చెప్పి, అవి అయ్యాక మిగతావి చెబుతామనండి. ఆర్డరే వెళ్లకపోతే బిర్యానీ ముందు రావడానికి దారి ఉండదు. రొట్టెలు రెండేసి చొప్పున తెమ్మనండి, కూర టేబుల్ మీదకి వచ్చాకే మొదటివి వేయమనండి.

వెళ్లాక మొదటి పది నిమిషాలు గమనించండి. ఎవరైనా వచ్చి నాన్నగారికి నమస్కారం పెట్టి, వేడినీళ్లు ముందే తెచ్చిపెడితే నిశ్చింతగా కూర్చోండి. ఈసారి కూడా ఆయన్ని దాటి మీ వైపే చూస్తే, స్టార్టర్లు తినేసి లేచి రండి. దాల్ పార్సిల్ కట్టించుకోవచ్చు, ఇంట్లో అమ్మగారు వడ్డిస్తే ఇంకా బాగుంటుంది.